వెనక్కి జరిగిన భుజం కుట్టు

పెళ్లి ఇంకా పది రోజులుంది. ఆ ఉదయం ముందుగదిలో అక్క స్టూలు మీద నిలబడి ఉంది. ఒంటి మీద సగం కుట్టిన పెళ్లి గౌను, చేతిలో సగం కొరికిన బ్రెడ్డు ముక్క.

"అది అవతల పెట్టు. కాస్త పొడి రాలిందంటే పెళ్లి కాకుండానే పోతావు," అంది గుండీ, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే.

గుండీకి అసలు పేరు వేరే ఉంది. రెండేళ్ల వయసులో అమ్మ మిషను కింద దొరికిన గుండీ మింగేసి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రికి పరిగెత్తించింది. మింగిన గుండీ బయటికొచ్చింది గానీ పేరు మాత్రం అతుక్కుపోయింది. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు. బయటివాళ్ల ముందు నోరు పెగలదు. ముందుగదిలోనే అమ్మ కుట్టు కొట్టు. వచ్చిన ఆడవాళ్లు కొలతలు చెబుతుంటే తల వంచుకుని రాసుకుంటుంది. తను చెప్పాల్సినవన్నీ నీలం అట్ట నోట్‌బుక్కులో రాసి దిండు కింద పెట్టుకుంటుంది.

ఈ గౌను కూడా ఆ నోట్‌బుక్కులోనే పుట్టింది. అక్క పనిచేసే గ్రంథాలయంలో పాతకాలపు దుస్తుల పుస్తకం ఒకటుంది. అందులో నూట యాభై ఏళ్ల కిందటి పెళ్లి గౌను ఫొటో, వెనకవైపు నుంచి తీసింది చూసి, "నాకిదే కావాలే. నువ్వే గీయి," అంది అక్క. గుండీ నాలుగు నెలలు గీసింది. మెడ దాకా నిలబడే కాలరు, దాని కింద భుజాల మీదకి పడే లేసు, వీపు పొడవునా గుడ్డ చుట్టిన ముప్పై చిన్న గుండీలు, నడుం దగ్గరికి వచ్చేసరికి సన్నబడే వీపు. కాగితం మీద నమూనా ముక్కలు కత్తిరించి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ ముప్పై ఏళ్లుగా టైలరు. ఆ ఇంట్లో అసలు గుడ్డ మీద కత్తెర పెట్టేది అమ్మ ఒక్కతే.

కాలరు సరిచేసి గుండీ వీపు వైపు వచ్చింది. భుజం కుట్టు దగ్గర గుర్తు పెట్టాలి. వేళ్లతో తడిమింది. తను గీసినట్టు వీపు మీద ఉండాల్సిన చోట కుట్టు లేదు. ఇంకాస్త పైకి తడిమింది. సరిగ్గా భుజం మీద, అన్ని జాకెట్లకీ ఉండే చోటే ఉంది.

పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. 

"అమ్మా! ఈ కుట్టు ఎవరు జరిపారు?"

అమ్మ టీ గ్లాసుతో వంటింట్లోంచి వచ్చింది. "నేనే. నువ్వు తప్పు గీశావు, సరిచేశాను. ఇదిగో, టీ తాగు."

"తప్పా?"

"భుజం కుట్టు వీపు మీదకి పడితే తప్పు కాక ఏంటే? ముందు ముక్క పొడుగు, వెనక ముక్క పొట్టి. అంగుళంన్నర తేడా! పాపం, తొందరలో గీసినట్టుందిలే అనుకుని కోసేటప్పుడే దిద్దేశాను."

ఆ 'పాపం' గుండీ ఒంటికి నిప్పంటించింది.

"తొందరలో గీయలేదు! ఆ కాలంలో కుట్టు అక్కడే వేసేవాళ్లు. అది వెనక్కి ఉంటేనే వీపు అలా సన్నగా కనిపిస్తుంది. నువ్వు దీన్ని స్కూలు యూనిఫారం చేసి పెట్టావు!"

"నోరు! ముప్పై ఏళ్లుగా ఊరందరికీ కుట్టిన చెయ్యి ఇది."

"అందుకే ఇలా తగలడింది! ఊరందరికీ కుట్టినట్టే అక్కకీ కుట్టావు!"

పక్కగదిలోంచి నాన్న తల బయటపెట్టాడు. బస్సు డ్రైవరు, డ్యూటీకి చొక్కా వేసుకుంటున్నాడు. పరిస్థితి చూశాడు. "ఇంట్లో ఇన్ని కత్తెర్లున్నప్పుడు నేను మాట్లాడను," అని బూట్లు చేత్తో పట్టుకుని వీధిలోకి పోయాడు.

"ముందు నన్ను విప్పండి, తర్వాత కొట్టుకు చావండి," అంది అక్క. "నడుం దగ్గర సూది గుచ్చుకుంటోంది."

ఎవరూ వినలేదు.

"ఒక్క మాట అడిగావా?" గుండీ గొంతు చీరుకుపోతోంది. ఇంత గట్టిగా తను అరవగలదని ఆమెకే తెలీదు. "నా జడ విప్పి మళ్లీ వేస్తావు. నేను కిటికీకి కుట్టిన పరదా రాత్రికి రాత్రే విప్పి కుట్టావు. బడిలో గీసిన బొమ్మకి కూడా రంగులు మార్చావు. నా చేతిలోంచి వచ్చింది ఏదైనా తప్పేనా నీకు?"

"నువ్వు చెప్పావా? కుట్టు ఇలాగే ఉండాలమ్మా అని ఒక్క ముక్క చెప్పావా?"

గుండీ లోపలికి పరిగెత్తి నోట్‌బుక్కు తెచ్చి మిషను మీద కొట్టింది. "చూడు! మూడు పేజీలు రాశాను. ఎందుకు జరపాలి, ఎంత జరపాలి, అన్నీ!"

"నీ దిండుకి చెప్పావు. నాకు చెప్పలేదు."

ఆ మాట సూటిగా తగిలింది. తగిలింది కాబట్టే కోపం రెట్టింపయింది. బల్ల మీది పెద్ద కత్తెర అందుకుంది.

"కోసి పారేస్తాను. నేను గీయనిది నేను గీశానని ఎవరూ చెప్పుకోనక్కర్లేదు!"

"నేను లోపలున్నానే!" అక్క కెవ్వుమంది.

అమ్మ గుండీ మణికట్టు పట్టుకుంది. టీ గ్లాసు కింద పడి పగిలింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు, రొప్పుతూ.

"గౌను ఎవరు గీశారంటే మా చిన్నదని నెల రోజులుగా కొట్టుకి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకుంటున్నా," అంది అమ్మ. గొంతులో కోపం అలాగే ఉంది, కళ్లు మాత్రం తడిశాయి. "మొదటిసారి నీ పని నలుగురి ముందుకి వెళ్తోంది. వెనక నుంచి చూసి ఒక్కతి కిసుక్కున నవ్విందంటే నువ్వు ఇంక జన్మలో పెన్సిలు ముట్టవు. నీ సంగతి నాకు తెలీదా?"

"నవ్వితే నవ్వనీ! నవ్వించుకునేది కూడా నాదై ఉండాలి కదమ్మా!"

కత్తెర బల్ల మీద పెట్టేసి గుండీ ఏడ్చేసింది.  అమ్మ కళ్లజోడు పెట్టుకుని, మిషను పక్కనున్న గ్రంథాలయం పుస్తకం తెరిచి, ఆ ఫొటో మీద కుట్టు వెంట గోరుతో గీసుకుంటూ పోయింది. తర్వాత అక్క వెనక్కి వచ్చి నిలబడింది. ఫొటో వైపు ఒకసారి, వీపు వైపు ఒకసారి చూసింది. టైలరు చూసే చూపు అది.

"ఎంత పని చేశాను," అంది మెల్లగా. "ముందు ముక్క పొట్టిగా కోసేశాను. గుడ్డ కూడా మిగల్లేదు."

ఆ మాట అంటున్నప్పుడు ముప్పై ఏళ్ల టైలరు మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. గుండీకి అరవడానికి ఇంకా చాలా ఉంది. కానీ గొంతులోంచి వేరే మాట వచ్చింది.

"వెనక ముక్క పొడుగ్గా ఉంది కదా. పై అంగుళంన్నర వెనక ముక్క నుంచి కోసి, ముందుదానికి అతుకుదాం. దాని కింద, వీపు మీద, కొత్త కుట్టు వస్తుంది. భుజం మీది అతుకు కాలరు లేసు కింద దాక్కుంటుంది."

"పెళ్లి గౌనుకి అతుకా?"

"అప్పట్లో గుడ్డ చాలకపోతే వేసేవాళ్లు. సిగ్గుపడేవాళ్లు కాదు. అదీ రాశాను."

అమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. తర్వాత నోట్‌బుక్కు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"చదువు. గట్టిగా. నేను కుట్లు విప్పుతూ వింటాను."

"ముందు నన్ను దింపండి తల్లీ!" అంది అక్క.

అక్కని దింపారు. గాజుపెంకులు ఊడ్చారు. అమ్మ బ్లేడుతో భుజం కుట్టు ఒక్కొక్క పోగే తెంపుతుంటే గుండీ చదివింది. మొదట తడబడింది, తర్వాత గొంతు సర్దుకుంది. కొలతలు, కాలరు, గుండీల మధ్య దూరం. అమ్మ మధ్యలో ఆపి అడిగింది, రెండు చోట్ల వాదించింది, ఒక చోట ఒప్పుకుంది. ఉన్నట్టుండి గుండీ ఒక పేజీ తిప్పేసింది.

"ఎగ్గొట్టావు," అంది అమ్మ తలెత్తకుండానే. "అదీ చదువు."

"అది గౌను గురించి కాదు."

"చదవమన్నానా?"

గుండీ చెవులు ఎర్రబడ్డాయి. "'ఇవాళ అమ్మ మళ్లీ నా జడ విప్పి వేసింది. నాకేమీ రాదనే అమ్మ అనుకుంటుంది. ఎప్పటికీ అలాగే అనుకుంటుంది.'"

బ్లేడు ఆగింది. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత ఒళ్లోంచి ముందు ముక్క, వెనక ముక్క తీసి బల్ల మీద పరిచింది. పెద్ద కత్తెర తిప్పి, పిడి గుండీ వైపు పెట్టింది.

"ఎక్కడ కోయాలో నీకు తెలుసు. నువ్వే కోయి," అంది. "గుడ్డ మళ్లీ రాదు, చెయ్యి వణకనీయకు."

గుండీ సుద్దతో గీత గీసింది. చెయ్యి వణికింది. అమ్మ చూసింది, కానీ గీత దిద్దలేదు.