టీచరుగారి తోటకూర రొట్టె

తడిజుట్టు ముడేసుకుని, పూలసజ్జ చేత పట్టుకుని కన్యకమ్మ గుడికి బయల్దేరింది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "అమ్మాయ్, పాలు కాచి పెట్టాను, చల్లారకముందే తాగు. బిందె ఎత్తకు. నేనొచ్చాక ఎత్తుతాను" అంది.

"అలాగేనండి అత్తయ్యగారూ" అంది మీనాకుమారి.

అత్తగారు వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడి చూసి, ఆ తర్వాత మెల్లగా పెరట్లోకి నడిచింది. అలా కాపు కాసి చూడవలసి వచ్చినందుకు ఆమెకు రోజూ సిగ్గుగానే ఉండేది. అయినా రోజూ చూసేది.

మీనాకుమారికి అప్పుడు అయిదో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఈసారి ఆస్పత్రి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. "ఒంట్లో రక్తం లేదు. మందులొక్కటే చాలవు. ఆకుకూరలు తినాలి, రోజూ గుడ్డు తినాలి. తినకపోతే నేను చెయ్యగలిగింది లేదు" అంది. ఆ మాట విన్నది మీనాకుమారి, ఆమె భర్త కుక్కుటేశ్వరరావు మాత్రమే. ఇంటికొచ్చాక తల్లికి ఆకుకూరల సంగతి చెప్పాడు గానీ గుడ్డు సంగతి చెప్పలేదు. పాలకొల్లు బజారులో తాతల నాటి బట్టల కొట్టున్న కోమటి కుటుంబం వాళ్లది. ఆ ఇంట్లో గుడ్డు వండటం మాట అటుంచి, ఆ పేరు ఎత్తడమే ఎవరూ ఎరగరు.

పెరటి గోడకి అవతలి ఇల్లు సంపూర్ణమ్మ టీచరుగారిది. మిషను బళ్లో పాఠాలు చెబుతుంది. ఆమె భర్త జీవరాజు సమితి ఆఫీసులో గుమాస్తా. వాళ్ల పెరట్లో తోటకూర మడి, నాలుగు కోళ్లు ఉన్నాయి. కుక్కుటేశ్వరరావు ఒకరోజు తల్లి ఇంట్లో లేని సమయం చూసి గోడ దగ్గరికి వెళ్లి, నసుగుతూ సంగతి చెప్పాడు.

సంపూర్ణమ్మ నవ్వింది. "కోడి పేరున్న దేవుడి పేరు పెట్టుకున్నారు. గుడ్డంటే భయమేంటండీ?"

అతను నవ్వలేదు. "మా అమ్మకి తెలియకూడదండి."

"దాచి పెట్టడం నాకిష్టం లేదు బాబూ" అని ఆమె తోటకూర మడి వైపు చూసింది. "కడుపుతో ఉన్న పిల్ల అంటున్నారు. సరే, కానివ్వండి."

ఈస్టరు పొద్దున చర్చి నుంచి వచ్చాక వాళ్లింట్లో చేసుకునే రొట్టె ఒకటుంది. లేత తోటకూర సన్నగా తరిగి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి మగ్గబెట్టి, కాస్త బియ్యపు రవ్వ కలిపి మందపాటి మూకుట్లో పరుస్తారు. మధ్యలో గుంటలు చేసి గుడ్లు కొట్టి పోస్తారు. పైన మళ్లీ పల్చగా కూర కప్పి, మూకుడు కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోస్తారు. దిబ్బరొట్టె కాల్చినట్టే. కిందా పైనా ఎర్రగా కాలి, లోపల గుడ్డు ముద్దగా గట్టిపడుతుంది. ఆ రొట్టె ఇప్పుడు ఏ పండగా లేకుండా పొద్దున్నే గోడ దాటి రావడం మొదలైంది.

మొదట్లో మీనాకుమారి ముక్కు మూసుకుని మింగేది. రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆ తర్వాత ఎప్పుడు మారిందో ఆమెకే తెలీదు. మాడిన అంచు కరకరలాడటం, కూర కమ్మదనం, పసుపు సొన నోట్లో పొడిపొడిగా కరగటం... పొద్దున్నే మెలకువ రాగానే గోడ అవతల కుంపటి వాసన కోసం చూసేది. మందనుకుని తింటే పాపం సగమైనా తగ్గేదేమో. తను ఇష్టపడి తింటోంది. ఈ సంగతి భర్తకు కూడా చెప్పలేదు.

ఆ రోజు సంపూర్ణమ్మ గోడ మీదుగా కంచం అందిస్తూ, "కారం తగ్గించానమ్మా. వేడిగా ఉండగానే తినెయ్. నాకు బడి టైమవుతోంది" అని లోపలికి వెళ్లిపోయింది. మీనాకుమారి నూతి పక్కన బట్టలుతికే బండ మీద కూర్చుని సగం రొట్టె తుంచి తినసాగింది.

ఆ వేళ గుళ్లో పెళ్లివారి రద్దీ ఎక్కువగా ఉంది. కన్యకమ్మ ప్రదక్షిణలు మానుకుని, దూరం నుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేసింది.

"ఏంటమ్మా అది?"

మీనాకుమారి చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "తోటకూర రొట్టండి. నేనే వేసుకున్నాను."

కన్యకమ్మ ముఖం విప్పారింది. "నా చేత్తో పెడితే రెండు ముద్దలు తిని లేచిపోతావు. ఇవాళ చూడు, ఎంత ఇదిగా తింటున్నావో. ఇలా తింటే నాకింకేం కావాలి" అంటూ పక్కన కూర్చుంది. కంచంలో ముట్టకుండా ఉన్న సగం లోంచి అంచు తుంచింది.

ఒక్క మాట చాలు. చెయ్యి పట్టుకుని ఆపినా చాలు. ఆపితే ఎందుకని అడుగుతుంది. చెప్పాలి. మీనాకుమారి అత్తగారి వేళ్ల వంకే చూసింది. ఈలోగా అత్తగారు ఆ ముక్క నోట్లో వేసుకుంది.

"భలే కమ్మగా ఉందే" అంది. రెండో ముక్క మధ్యలోంచి తుంచింది. పచ్చటి కూర విడిపోయి, లోపల తెల్లటి గుడ్డు, నడుమ పసుపు సొన కనిపించాయి.

కన్యకమ్మ ఆ ముక్కని కంచంలో పడేసింది. తర్వాత తూము దగ్గరికి వెళ్లి ఉమ్మేసి, మళ్లీ మళ్లీ పుక్కిలించింది. తిరిగొచ్చి కంచం చేతిలోకి తీసుకుంది. అంచు మీద చుక్కలతో చెక్కిన పేరు మీద వేలు పెట్టింది. "జీవరాజు. ఇది మన కంచం కాదు. నువ్వే వేశానన్నావు."

"టీచరుగారు ఇచ్చారండి" అంది మీనాకుమారి. "ఒట్టి తోటకూర రొట్టె అన్నారు. అందులో గుడ్డుందని నాకు తెలీదండి."

కన్యకమ్మ గోడ దగ్గరికి వెళ్లి పిలిచింది. బడికి బయల్దేరుతున్న సంపూర్ణమ్మ చేతిసంచీతోనే వచ్చి నిలబడింది.

"మా ఆచారం మీకు తెలీదా టీచరుగారూ? ఏమీ తెలీని పిల్లకి చెప్పకుండా గుడ్డు పెడతారా? ఇంకా పుట్టని బిడ్డని ఇప్పట్నించే మీలో కలిపేసుకుందామనా?"

ఆ మాటలకు చుట్టుపక్కల పెరళ్లలో ఆడవాళ్లు పనులాపి చూశారు. పళ్లపొడి చేతిలో పెట్టుకుని కుక్కుటేశ్వరరావు దొడ్డిగుమ్మంలోకి వచ్చాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. నోరు కడుక్కుని వస్తానన్నట్టు లోపలికి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

సంపూర్ణమ్మ మీనాకుమారి వంక చూసింది. ఆమె నూతి చప్టా మీద నిలిచిన నీళ్ల వంక చూస్తోంది.

"తప్పయిపోయిందండి. చెప్పకుండా పెట్టాను" అంది సంపూర్ణమ్మ. సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి కొట్టు మూసి వచ్చిన భర్తతో మీనాకుమారి అంది. "మీరు అడిగారని చెప్పొచ్చు కదండీ."

"నువ్వు తెలీదన్నాక నేనేం చెప్పను?"

"మీరు లోపలికి వెళ్లిపోయారుగా."

అతను దీపం ఆర్పేశాడు. ఇద్దరూ చెరో పక్కకి తిరిగి పడుకున్నారు.

తెలీక తిన్న పిల్ల మీద కన్యకమ్మకు కోపం లేదు. పైపెచ్చు జాలిపడింది. "నీ తప్పేముందమ్మా" అని తల నిమిరింది. తన నోరు మాత్రం మైలపడిందని ఒంటిపూట భోజనం పట్టింది. మీనాకుమారికి ఆ జాలి కన్నా చెంపదెబ్బ నయమనిపించేది. సాయంత్రాలు సంపూర్ణమ్మ వాకిట్లో ట్యూషను చెప్పించుకునే బజారు పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఎదురింటి పెద్దావిడ పాపాయి, "మా మనవణ్ణి కూడా మాన్పించేశానమ్మా. ఏ చాక్లెట్టులో ఏం పెట్టి ఇస్తారో ఎవరికి తెలుసు" అని కన్యకమ్మతో చెప్పి వెళ్లింది. మీనాకుమారి తలుపు చాటున నిలబడి అంతా వింది. ఆ మాటకి మూలం తనే. అయినా బయటికి రాలేకపోయింది.

ఒక సాయంత్రం దీపం పెడుతూ కన్యకమ్మ తూలింది. మీనాకుమారి పరుగున వెళ్లి పట్టుకుని గోడకి ఆనించి కూర్చోబెట్టింది. ఉపవాసాలతో ఆ ముసలి ఒళ్లు తేలికైపోయింది.

"ఇంక చాలండి అత్తయ్యగారూ. అన్నం తినండి."

"నోరు శుద్ధి కావద్దా అమ్మా. తెలీక తిన్నా తిన్నట్టేగా."

మీనాకుమారి ఆమె ఎదుట నేల మీద కూర్చుంది. "నాకు తెలుసండి."

"ఏం తెలుసు?"

"అందులో గుడ్డుందని. మొదట్నించీ తెలుసు. డాక్టరమ్మ తినమంది. నేను తింటున్నాను. టీచరుగారు నన్ను మోసం చెయ్యలేదు."

కన్యకమ్మ ఆమె ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా అడిగింది. "నేను నోట్లో పెట్టుకునేటప్పుడు కూడా తెలుసా?"

"తెలుసండి."

"చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నానండి" అని మీనాకుమారి తల వంచేసుకుంది. ఏడుపు కూడా రాలేదు. ఏడిస్తే జాలి అడుక్కున్నట్టు ఉంటుందనిపించింది.

అప్పుడే కాఫీకని కొట్టు నుంచి వచ్చిన కుక్కుటేశ్వరరావు గుమ్మంలో ఆగిపోయాడు. లోపలికి వచ్చి, "టీచరుగార్ని అడిగింది నేనమ్మా" అన్నాడు.

"ఆ వేళ నేనన్న మాటలు నీకు వినపడలేదా నాన్నా?"

"వినపడ్డాయమ్మా."

కన్యకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు ముందే చెబితే ఒప్పుకునేదాన్నని అనను. ఎందుకు అబద్ధం. గొడవ చేసేదాన్ని. అన్నం మానేసేదాన్ని. మీరు భయపడ్డారంటే నా వల్లే కదా. కానీ ఏ పాపం ఎరగని ఆడమనిషిని నలుగురిలో అంతేసి మాటలనేదాన్ని కాదమ్మా. పుట్టని బిడ్డని కూడా అందులోకి లాగాను." ఆమె గోడ పట్టుకుని లేచింది. "పదండి."

"ఎక్కడికమ్మా?"

"వాళ్లింటికి. పెరటిగోడ మీంచి కాదు. వీధిలోంచి వెళదాం. అందరూ విన్నారు, అందరూ చూడాలి."

దీపాలు పెట్టే వేళ. అరుగుల మీద ఆడవాళ్లు ఉన్నారు. సంపూర్ణమ్మ వాకిట్లో ఒక్కతే కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. పక్కన కుర్చీలో ఉన్న జీవరాజు వీళ్లని చూడగానే లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ వెళ్లడం చూసి కుక్కుటేశ్వరరావు అరుగు ఎక్కలేక వీధిలోనే నిలబడిపోయాడు.

మీనాకుమారి ముందుకు వచ్చింది. పాపాయి వింటోందని తెలిసి గొంతు కాస్త పెంచింది. "టీచరుగారూ, గుడ్డు సంగతి నాకు తెలుసు. మేమే అడిగి పెట్టించుకున్నాం. తెలీదని నేను అబద్ధమాడాను. తప్పు మీది కాదు."

సంపూర్ణమ్మ చేట పక్కన పెట్టింది. "పెద్ద మనసుతో నా మీద వేసుకున్నాననుకోకమ్మా. ఆ వేళ నీ కడుపు చూశాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత చాలా కోపమొచ్చింది. నీ కోసం ప్రార్థన చేద్దామని కూర్చుంటే కూడా మాట రాలేదు. మా ఆయనకి ఇంకా తగ్గలేదు." చేతికంటిన తవుడు దులుపుకుంది. "నీ భయం నాకు తెలుసు. ఒక్కసారి నా వంక చూసుంటే చాలు, ఇంత బాధ ఉండేది కాదు."

మీనాకుమారికి అప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. మెట్టు మీదే కూలబడి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

కన్యకమ్మ అరుగు అంచు మీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు. ఏదో చెప్పబోయింది, చెప్పలేకపోయింది. చివరికి, "టీచరుగారూ, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?" అంది.

అరుగుల మీద ఆడవాళ్లు ఇటు తిరిగారు.

సంపూర్ణమ్మ తటపటాయించింది. "మా ఇంటి నీళ్లండి..."

"మీ ఇంటికే కదండీ వచ్చాను."

లోపల్నించి గ్లాసు పట్టుకొచ్చింది జీవరాజు. భార్య చేతికి ఇవ్వకుండా తనే వచ్చి కన్యకమ్మకు అందించాడు. ఆమె పైనుంచి ఎత్తి పోసుకోలేదు. అంచు పెదవులకు ఆనించి, పాపాయి చూస్తుండగా, చివరి చుక్క దాకా తాగింది.

"నేనన్న మాటలు వెనక్కి తీసుకుందామన్నా రావండి" అంది. "రేపు ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని పంపమని నేనే చెబుతాను. పంపినా పంపకపోయినా, మీ తప్పు లేదని మాత్రం నా నోటితోనే చెబుతాను. ఇక ఈ అమ్మాయికి పొద్దున్నే ఏది పెట్టాలో అది పెట్టండి. నేను కళ్లారా చూడలేను, పూజగదిలో కూర్చుంటాను. మీరు మాత్రం దొంగచాటుగా ఇవ్వకండి."

కుక్కుటేశ్వరరావు అప్పుడు మెట్లెక్కి వచ్చాడు. జీవరాజు ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. జీవరాజు అతణ్ణి కాసేపు అలాగే నిలబడనిచ్చి, తర్వాత కుర్చీ అతని వైపు జరిపాడు.

మెట్టు మీద కూర్చున్న మీనాకుమారి భుజం పట్టుకుని సంపూర్ణమ్మ పైకి లేపింది. "లేమ్మా, నేల చల్లగా ఉంది" అంది. మీనాకుమారి తలెత్తలేకపోయింది. అయినా ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.