వంకర కుట్టు

"అత్తయ్యా!!"

కోడలి కేక వీధి చివరిదాకా వినిపించింది. గుమ్మంలో కొత్త తివాచీ అంచు మడతపడి ఉంది. దాని మీదే అత్తగారు కుడిచేతిపై ఒరిగి పడిపోయింది... ఎడమచెయ్యి మాత్రం ఇంకా గాలిలో దేన్నో తడుముకుంటోంది!

"కుర్చీ ఏదే? ఇక్కడుండాల్సిన కుర్చీ ఏదీ?"

నొప్పి కన్నా ముందు ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట అదే.

పెళ్ళై నలభై రోజులు. గాజు సీసాలో పెట్టిన తీగ ఒక్క కొత్త ఆకు వేస్తే చాలు, ఇల్లంతా గంతులేసే పిల్ల ఆ కోడలు! అందుకే భర్త "పిచ్చుకా" అని పిలిచేవాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమె లోలోపల మురిసిపోయేది. ఒక్కటే వెలితి. ఈ ఇల్లు తనదనిపించేది కాదు. కుర్చీ అంగుళం జరిపినా, నీళ్ళబిందె పక్కకి పెట్టినా, రెండు నిమిషాల్లో అత్తగారు మళ్ళీ పాతచోటే పెట్టేసేది.

"ఎక్కడిదక్కడ ఉండనీవే అమ్మాయ్."

"ఇది ఇల్లా, మ్యూజియమా?" అని భర్త దగ్గర మూతి ముడిచేది పిచ్చుక.

"మా అమ్మ అంతేలే! ముప్పై ఏళ్ళ నుంచీ టైలరమ్మ. కొలత తప్పితే ఊరుకుంటుందా?" అని నవ్వేసేవాడు అతను.

అత్తగారు రెండు రోజులు చెల్లెలింటికి వెళ్ళగానే పిచ్చుకకి రెక్కలొచ్చాయి. కుర్చీలు కిటికీ దగ్గరికి చేర్చింది. గుమ్మంలో మెత్తని తివాచీ, నడిమధ్య పొట్టి బల్ల, దాని మీద తీగమొక్క! 'అత్తయ్య లోపలికి రాగానే ఎంత బాగుందే అనాలి... ఒక్కసారైనా నన్ను దగ్గరికి తీసుకోవాలి...' ఎంత ఆశపడింది! ఆ ఆశే ఆవిడ మణికట్టు విరగ్గొట్టింది.

ఆసుపత్రిలో డాక్టరు పిండికట్టు వేసి, కాగితం ముందుకు జరిపి, "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అంటూ పెన్ను చాపాడు. ఆవిడ ఎడమచెయ్యి పెన్ను పక్కనుంచి వెళ్ళిపోయింది. మళ్ళీ చాపింది... మళ్ళీ తప్పింది.

"ఎన్నాళ్ళుగా కనబడ్డం లేదమ్మా?"

కొడుకు చప్పున తల్లి ముఖంలోకి చూశాడు. ఆవిడ తల వంచుకుంది.

"పెళ్ళికి ముందు నుంచేరా. కంట్లో నరం ఎండిపోతోందట. ఆపే మందు లేదన్నారు. నీకు చెబితే పెళ్ళి ఆపేసి నా చుట్టూ తిరుగుతావు. అయినా కొత్తగా వచ్చే పిల్లకి చూపులేని అత్తని అప్పజెప్పడం ఏం మర్యాద? వస్తువులు ఉన్నచోటే ఉంటే అడుగులు లెక్కపెట్టుకుని నెట్టుకొచ్చేదాన్ని..."

"రోజూ మందుల షాపులో ఊరందరికీ కంటిచుక్కలు అమ్ముతున్నానమ్మా... నీ కళ్ళు ఒక్కసారీ చూడలేదు!" అతను చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

పిచ్చుకకి ఏడుపు కూడా రాలేదు. మ్యూజియం అంది తను!

ఇంటికి రాగానే పిచ్చుక కుర్చీని పాతచోటికి లాగుతుంటే, అది తగిలి కుట్టుమిషను సొరుగు తెరుచుకుంది. లోపల లేతనీలం గుడ్డ. గది గుమ్మానికి సరిపడే తెర! సగందాకా చిన్నచిన్న ఆకుల కుట్టుపని. ఒక్కో ఆకు అచ్చం తన సీసాలోని తీగ ఆకే...

"మొదటివారం కొత్త ఆకేసిందని గంతులేశావు చూడు..." వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు వేళ్ళతో తడిమి ఆకారం తెలుసుకున్నా. పెళ్ళినాటికి ఇంకో మూడు నెలలు ఈ కాస్త చూపైనా నిలుస్తుందన్నారు. ఈలోగా అయిపోతుందనుకున్నానే. నీ గదికి ఏదో ఒకటి నా చేత్తో..."

"అత్తయ్యా... నన్ను తిట్టండి! రెండు దెబ్బలు వెయ్యండి!"

"ఏ చేత్తో వెయ్యమంటావే?" అంది ఆవిడ, పిండికట్టు చూపించి.

మర్నాడే తివాచీ చుట్ట చుట్టి అటకెక్కింది. భర్త చేతిరుమాలు కళ్ళకి కట్టుకుని పిచ్చుక గుమ్మం నుంచి వంటింటిదాకా నడిచింది. మోకాలు కొట్టుకుంది. ఏడో అడుగుకి గోడ తగలాలి, తగల్లేదు.

"సగం అడుగు ఎడమకి," అని మంచం మీంచే చెప్పేది అత్తగారు. చప్పుడును బట్టే తెలిసిపోయేది ఆవిడకి!

ఆరు వారాలు గడిచాయి. కట్టు విప్పిన రోజు ఆవిడ ఆత్రంగా సూది అడిగింది. దారం కొస తడిచేసి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత సూది మెల్లగా ఒళ్ళోకి దించేసింది.

"కిటికీ తెల్లగా ఉంది... అంతేనే."

'నేను దోచుకున్నవి ఈ ఆరు వారాలే కదా! ఆఖరి ఆరు వారాలు!' పిచ్చుక ఆవిడ ఒళ్ళోంచి సూది తీసి దారం ఎక్కించింది. నీలం గుడ్డ ఇద్దరి మోకాళ్ళ మీదా పరిచి, "చెప్పండత్తయ్యా" అంది.

పదిరోజులు పట్టింది. సూది ఎన్నిసార్లు గుచ్చుకుందో! ఆకులు ఒకటి లావు, ఒకటి పీల. అంచు కుట్టయితే చీమల బారు తోవ తప్పినట్టే ఉంది. గుమ్మానికి కట్టాక అత్తగారు వేలితో అంచంతా నిమిరింది.

"అమ్మో, ఎంత వంకరగా కుట్టావే! ఈ పనికి నా షాపులో అయితే ఒక్కరోజు ఉండనిచ్చేదాన్ని కాదు."

"విప్పేసి మళ్ళీ కుట్టనా అత్తయ్యా?"

"వద్దొద్దు!" ఆవిడ తెర అంచు గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది. "ఈ వంకర కుట్టు చేతికి తగిలితే... ఇది నీ గది గుమ్మమని తెలుస్తుంది నాకు."