తెల్ల కుర్చీ వెనక తడి చెయ్యి

ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో మా ఇందిరాపురం సొసైటీ స్విమ్మింగ్ పూల్ గట్టున, గోరింట కంచెని ఆనుకుని ఓ తెల్ల కుర్చీ ఉంది. పొద్దుగూకాక అందులో ఎవరూ కూర్చోరు. కూర్చుంటే... వెనకనించి మెడ మీద తడి చెయ్యి పడుతుంది.

నవ్వకండి! నాలుగో టవర్ తనేజా అంకుల్ చెప్పులొదిలేసి పరిగెత్తాడు. ఆ దెయ్యం ఏదో భాషలో మంత్రం కూడా చదివిందని ఇప్పటికీ వణుకుతాడు.

తర్వాత మా పక్క ఫ్లాట్ ఉమారాణి మొగుడు రఘురామ్ వంతొచ్చింది. ఇదంతా ఉమారాణి చెప్పిందే.

వాళ్ల నేహాకి ఏడేళ్లు. సాయంత్రాలు ఈత నేర్పిస్తున్నారు. కోచ్ దీదీ మొదటిరోజే చెప్పింది — ఒక్కో పిల్లకి పెద్దవాళ్లు ఒకరు గట్టు మీద ఉండాలి, కళ్లు పిల్ల మీదే ఉండాలి, ఫోను మీద కాదు. అందరూ "ఠీక్ హై, ఠీక్ హై" అన్నారు. ఎవరు వింటారూ? గట్టు మీద మగమహారాజులందరికీ మీటింగులే!

ఆ రోజు ఉమారాణికి ఒంట్లో బాగాలేక రఘురామ్ వెళ్లాడు. చీకటి పడింది. ఓ లైటు మిణుకుమిణుకుమంటోంది. ఖాళీగా ఉన్నది ఆ తెల్ల కుర్చీ ఒక్కటే. దెయ్యాల్ని నమ్మే రకం కాదుగా, కూర్చున్నాడు. గురుగ్రామ్ ఆఫీసునించి ఫోను. తల దించుకుని "యస్... యస్..." అంటున్నాడు.

కంచె కదిలింది...

మెడ మీద — చల్లగా, తడిగా — అయిదు వేళ్లు.

చెవిలో గుసగుసగా ఎవరో, "అటు చూడు..."

తెలుగు! ఘాజియాబాద్ దెయ్యానికి తెలుగెలా వచ్చిందండీ?

వెనక్కి తిరిగే ధైర్యం లేక అటే చూశాడు. కోచ్ అటు తిరిగి ఇంకో పిల్లకి కాళ్లాడించడం నేర్పుతోంది. నేహా నడుముకి కట్టిన ఈత బెల్టు ఊడి పక్కన తేలుతోంది. పిల్ల అరవడం లేదు, కొట్టుకోవడం లేదు... నోరు మాత్రం నీళ్లలోకి పోతోంది.

"దీదీ! నేహా!" అని కేకపెట్టి, ఈత రాని మనిషి, ఫోనుతో సహా దూకేశాడు. కోచ్ ఒక చేత్తో పిల్లని, ఇంకో చేత్తో తండ్రిని గట్టుకి లాగింది. నేహా దగ్గి దగ్గి, "పాపా, ఆప్ కో తో తైర్నా భీ నహీ ఆతా!" అంది, నీకసలు ఈతే రాదుగా నాన్నా అని.

ఆ రాత్రి సంగతంతా విని ఉమారాణి భోరుమంది. కళ్లు తుడుచుకుని తల్లి జానకమ్మగారి కేసి అనుమానంగా చూసింది. పెద్దావిడ రోజూ కంచె అవతల బెంచీ మీదే కూర్చుంటుంది. తెలుగు తప్ప మరో ముక్క రాదు.

"అమ్మా... ఆ చెయ్యి నీదేనా?"

జానకమ్మగారు కిసుక్కున నవ్వింది. "నాదేనే! అంట్లు తోమే రబ్బరు చేతి తొడుగు ఐసునీళ్లలో ముంచి కంచెలోంచి ఆనించేదాన్ని. ఆ కోచ్ పిల్ల మొత్తుకుంటుంటే ఒక్కడూ వినడే! మంత్రమా వాడి మొహమా... అటు చూడరా అన్నాను, అంతే."

ఉమారాణి తల్లిని వాటేసుకుంది. "ఇవాళ ఆయన్నీ అదిలించావు గనక పిల్ల దక్కిందమ్మా!"

జానకమ్మగారి నవ్వు ఆగిపోయింది.

"ఛీఛీ! అల్లుడుగారి మెడ మీద చెయ్యి వేస్తానటే? ఆయన ఆ కుర్చీలో కూర్చోగానే నేను ఇంటికొచ్చేశాను. నీకు కాఫీ కలిపిచ్చానా లేదా?"

ఇచ్చింది. ఆ మాట చెబుతూ ఉమారాణి నా పక్కకి జరిగి కూర్చుంది, నేనూ జరిగాను.

ఇప్పుడు రఘురామ్ రోజూ తనే వస్తాడు. ఫోను ఇంట్లో పెట్టేసి, రెప్ప వెయ్యకుండా పిల్లనే చూస్తాడు. ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆ తెల్ల కుర్చీలోనే, పిల్లని దక్కించిన కుర్చీ అట. కాకపోతే జూన్ నెలలో, మెడకి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని!