అత్త వేలిముద్ర

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు, చర్మాన్ని కాల్చే సొన అంటకుండా, పనికి వెళ్లేముందు చేతులకు ఆముదం రాసుకుంటారు. ఆ ఉదయం నూకాలమ్మ గుమ్మంలో కూర్చుని అదే పనిలో ఉంది. కోడలు ప్రమోదిని చంకన పాపతో, చేతిలో కాగితాలతో వచ్చి ఎదుట నిలబడింది.

హైవే వెడల్పు చేస్తున్న రోజులవి. కాశీబుగ్గ దగ్గర లారీ గుద్ది నూకాలమ్మ కొడుకు ఢిల్లీబాబు పోయి ఏడు నెలలైంది. నష్టపరిహారం కేసు వెయ్యాలంటే భార్య సంతకంతోపాటు తల్లి వేలిముద్ర కూడా కావాలన్నాడు టెక్కలి వకీలు. టెక్కలి వెళ్దామంటే నూకాలమ్మ ఒకసారి జ్వరమంది. ఇంకోసారి బస్సు తప్పిపోయిందంది.

"ఈయాలైనా వత్తావా రావా అత్తా? ఏటో ఒకటి సెప్పు."

"పనికెల్లాల."

"నీ కొడుకు కన్నా పిక్కలెక్కువా?" కోపమొస్తే ప్రమోదిని నోటికి గొళ్లెం ఉండదు. చంకలోని పాపను చూపిస్తూ అంది: "నాకు తెల్సులే! డబ్బు సేతికొత్తే ఈ గుంటనట్టుకుని కన్నోరింటికెలిపోతాననే గదా నీ బయం!"

నూకాలమ్మ ముఖం పాలిపోయింది. లేచి, చేతుల ఆముదం తుడుచుకుని, గూట్లోని పాప కాటుక డబ్బా తీసి, బొటనవేలు అద్ది సున్నపు గోడమీద నొక్కింది.

"సూడు."

నల్లటి మచ్చ పడింది. అందులో ఒక్క గీతా లేదు.

"ముప్పయ్యేల్ల జీడిసొన గీతలన్నీ తినేసిందే. మీ మావ పోయినప్పుడు పింఛనీకెల్తే, ముద్ర పడలేదు, పొమ్మన్నారు. నా యేలెట్టి ఈ గుంట డబ్బు కూడా పోగొట్టీమంటావా?" అంటూ ఏడ్చేసింది.

ప్రమోదిని పాపను దించి అత్త చేతులు తిప్పి చూసింది. పది వేళ్లూ గులకరాళ్లలా నున్నగా ఉన్నాయి. తన మొగుణ్ణి పెంచింది ఈ వేళ్లా! దేవుడి పటం ముందు కూడా ఎన్నడూ కలగని భయభక్తులు కలిగాయి ఆమెకు.

"తప్పైపోనాదత్తా," అంది ఆ చేతులు కళ్లకద్దుకుని. "ముద్ర పడకపోతే సంతకం సేద్దువు గాని. నాను నేర్పుతాను."

పది రోజులు ఆ మచ్చ కిందనే బొగ్గుముక్కతో అక్షరాలు దిద్దించింది. పదకొండో రోజు టెక్కలిలో నూకాలమ్మ చెమటలు కక్కుతూ తన పేరు రాసింది. ఇక కేసు వేసెయ్యొచ్చన్నాడు వకీలు.

తిరుగు బస్సులో నూకాలమ్మ తన పేరును మోకాలిమీద వేలితో మళ్లీ మళ్లీ దిద్దుకుంది. పలాస దగ్గరపడుతుండగా మెల్లగా అడిగింది:

"మన ఢిల్లీబాబు పేరెలాగ రాత్తారే?"

ప్రమోదిని ఆమె అరచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ, వేలితో ఒక్కొక్క అక్షరమే రాసి చూపించింది.