ఎడమవాటం కుట్టు

జేబు చిరగలేదు, పైకుట్టు ఊడలేదు, కానీ లోపల ఉండాల్సిన పది మాత్రల్లో ఏడు మాయమయ్యాయి.

లెక్కల టీచరు మాత్రల షీటును రెండుసార్లు తిప్పి చూసింది. మూడే ఉన్నాయి. మిగతా భాగాన్ని ఎవరో కత్తెరతో గీత గీసినట్టు కత్తిరించుకుపోయారు. అప్పటికి ఉదయం ఆరున్నర. పదింటికి మామగారిని ఆసుపత్రిలో చేర్చాలి. రేపు పొద్దున కిడ్నీలో రాయి తీసే ఆపరేషన్.

ఆ జేబు వంటింటి గోడకు వేలాడే మందుల సంచీది. సంచీ కుట్టింది మామగారే. నలభై ఏళ్లు దర్జీగా కత్తెర పట్టిన మనిషి, వీధి మొత్తానికీ పెద్దమాస్టారు. బీపీ మాత్రల జేబుకు నీలం దారంతో అంచు, షుగరు మాత్రలకు ఆకుపచ్చ, రక్తం గడ్డకట్టకుండా గుండె డాక్టరు రాసిన మాత్రలకు ఎరుపు. అత్తగారికి అక్షరాలు రావు గానీ రంగులు ఎన్నడూ తప్పవు.

ఆపరేషన్‌కు ముందు ఏడు రోజులు ఆ ఎర్రజేబు మాత్ర ఆపాలని ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని మరీ చెప్పారు. ఏళ్ల తరబడి పొద్దున్నే ఆ జేబులోకి వెళ్లే చెయ్యి ఊరుకుంటుందా? అందుకే కోడలు సూదీ దారం తెచ్చి జేబు మూతి కుట్టేసింది. పెద్దమాస్టారు కళ్లజోడు సవరించుకుని చూసి, "టీచరమ్మా, ఇది కుట్టా, కోడి నడకా?" అని నవ్వాడు కూడా.

వాడే మందులన్నీ ఇవాళ వెంట తెమ్మన్నారని ఆమె బ్లేడుతో సగం కుట్టు విప్పింది. అప్పుడు బయటపడింది సంగతి. విప్పని సగం వైపు ఇప్పుడు పరీక్షగా చూసింది. దారం అదే ఎరుపు. కుట్టు మాత్రం ఆమెది కాదు. బియ్యపు గింజలు పేర్చినట్టు సన్నగా, సమానంగా ఉంది. కోడి నడక పోయి, చీమల బారు వచ్చింది.

"ఏమండీ! ఒకసారి ఇలా రండి!"

భర్త సగం గడ్డం గీసుకుని పరుగెత్తుకొచ్చాడు. లిఫ్టు మెకానిక్కు. ఇరవై అంతస్తుల గుంటలో వేలాడుతూ పని చేసే మనిషికి, ఇంట్లో చిన్న మాట వినపడితే చాలు, కాళ్లూ చేతులూ ఆడవు.

"లెక్కల టీచరువి, పది మాత్రలు లెక్కపెట్టుకోలేవా? అసలు ముందే మూడు ఉన్నాయేమో!"

"కొత్త షీటు. కుట్టేటప్పుడు మీ అమ్మగారే అందించారు."

అత్తగారు కూరల కత్తి కింద పెట్టి లేచింది. కొడుకు చూపు ఆమె మీదికి మళ్లింది.

"అమ్మా, మొన్న మాత్ర ఆపమన్నప్పుడు ఏడ్చింది నువ్వే. గుండెకేమైనా అవుతుందని పాలలో గానీ కలిపావా?"

"కలిపితే కలిపానని చెప్పి తిట్లు తింటానురా. ఈ దొంగకుట్లు నాకెక్కడ వచ్చు? పెళ్లయిన నాటినుంచి నా రవికె హుక్కు కూడా మీ నాన్నే కుడతాడు!"

ఇంకోరోజయితే ఈ మాటకు పొయ్యి దగ్గరున్న మనిషి పకపకా నవ్వేవాడు. పెద్దమాస్టారి తమ్ముడు అక్కడే గోడవైపు తిరిగి టీ కాస్తున్నాడు. భార్య పోయాక అన్న పంచనే ఉంటూ, ముందుగదిలోని కుట్టు దుకాణం ఇప్పుడు తనే నడుపుతున్నాడు. నిమిషం నోరు మూయని మనిషి. ఇవాళ ఎందుకో టీ గరిట చప్పుడు తప్ప ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేదు.

కోడలు ఫోను తీసింది. భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరికి?"

"ఆపరేషన్ చేసే డాక్టరమ్మకు."

"పిచ్చా నీకు? ఈ తేదీ దొరకడానికి రెండు నెలలు పట్టింది. రక్తపరీక్ష బాగానే వచ్చిందిగా. నోరు మూసుకుని వెళ్దాం. ఆ మాత్రలు ఏ ఎలకో పట్టుకుపోయుంటుంది."

"కత్తెర పట్టిన ఎలకా?" అని చెయ్యి విడిపించుకుని నంబరు నొక్కింది.

పెద్దమాస్టారు నడుము పట్టుకుని మెల్లగా వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. తమ్ముడు టీ గ్లాసు తెచ్చి అన్న ముందు పెట్టి, మళ్లీ పొయ్యి దగ్గరకు వెళ్లిపోయాడు. రోజూ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తాగుతారు. ఇవాళ తన గ్లాసు పోసుకోనే లేదు.

ఫోనులో డాక్టరమ్మ గొంతు అందరికీ వినపడింది. కోడలు విషయం రెండు ముక్కల్లో చెప్పింది. భర్త ఉండబట్టలేక అడిగాడు: "మేడమ్, రక్తం గడ్డకట్టే పరీక్ష మామూలుగానే ఉందన్నారు కదా?"

"ఈ మాత్ర పని ఆ పరీక్షలో కనపడదండీ. మీ నాన్నగారి రాయి చిన్నది కాదు, జింక కొమ్ములా కిడ్నీ అంతా అల్లుకుంది. వీపులోంచి రంధ్రం చేసి, గొట్టం పంపి, పొడి చేసి తియ్యాలి. కిడ్నీ అంటే రక్తంతో నిండిన స్పాంజి. స్కాన్‌లో చూస్తూ గుచ్చుతాను. వీలైనంత సన్న గొట్టం వాడతాను. రక్తం కారడం తగ్గించే ఇంజెక్షనూ ఇస్తాం, రెండు సీసాల రక్తమూ సిద్ధంగా పెట్టాం. ఇవన్నీ చేసినా, ఒంట్లో ఆ మాత్ర ఉంటే రక్తం తనంతట తను ఆగదు. ఒక్కోసారి కిడ్నీనే తీసెయ్యాల్సి వస్తుంది. మనిషికే ప్రమాదం."

కొడుకు గడ్డం మీది సబ్బు నురగ చేత్తో తుడుచుకున్నాడు.

"అందుకే నాకు ఒక్కటే తెలియాలి," అంది డాక్టరమ్మ. "ఆ మాత్రలు ఆయన ఒంట్లోకి వెళ్లాయా, చెత్తబుట్టలోకి వెళ్లాయా? ఒంట్లోకి వెళ్లకపోతే రేపే చేస్తాను. వెళ్తే వాయిదా. కనుక్కుని చెప్పండి, లైన్లోనే ఉంటాను."

పెద్దమాస్టారు సంచీ దగ్గరకు లాక్కున్నాడు. సగం మిగిలిన కుట్టు మీద వేలితో ఒకసారి తడిమాడు. రెండోసారి తడిమాడు. వేలు ఆగింది. ఒక్క క్షణం పొయ్యి వైపు చూసి, వెంటనే తల దించేసుకున్నాడు.

"నేనే మింగాను," అన్నాడు. "గుండె భయం. ఎవరికీ చెప్పకుండా రోజుకొకటి వేసుకున్నాను. ఎవరినీ ఏమీ అనకండి."

"నాన్నా!" కొడుకు తల పట్టుకున్నాడు.

కోడలు మళ్లీ ఆ కుట్టు చూసింది. ఆమెకు లెక్క కుదరలేదు.

"మామయ్యగారూ, రెండేళ్లుగా మీ చెయ్యి వణుకుతోంది. సూదిలో దారం ఎక్కించమని బడినుంచి రాగానే నన్నే పిలుస్తారు. ఇంత సన్నకుట్టు మీరెలా వేశారు? పైగా మీ కుట్టు ఎప్పుడూ కుడికి వాలుతుంది. ఇది ఎడమకు వాలింది."

ఆ ఇంట్లో ఎడమచేత్తో సూది పట్టేది ఒక్కరే.

"నేనని చెప్తున్నానుగా!" పెద్దమాస్టారు గద్దించాడు. మాట అక్కడితో తెంచెయ్యడానికి టీ గ్లాసు తీసి నోటిదాకా ఎత్తాడు.

"తాగొద్దన్నయ్యా!"

పొయ్యి దగ్గరనుంచి ఒక్క అంగలో వచ్చాడు తమ్ముడు. ఎడమచేత్తో గ్లాసును కొట్టాడు. గ్లాసు గోడకు తగిలి భళ్లున పగిలింది. టీ నేలంతా పారింది. గాజుముక్కల మధ్య తెల్లటి పొడి కాస్త మెరిసింది.

లిఫ్టు మెకానిక్కు పిడికిలి బిగించాడు. "బాబాయ్, నువ్వా?" అంటూ ముందుకు రాబోతే అత్తగారు అడ్డం నిలబడింది.

"వాణ్ని ఒక్క మాట అన్నావంటే ఊరుకోను. ముందు విను."

పెద్దమాస్టారు లేచి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. అతను పిల్లాడిలా వెక్కుతున్నాడు.

"కుట్టు ముట్టుకోగానే తెలిసిందిరా. సూది పట్టడం నీకు నేర్పింది నేనే కదా. నీ పేరు బయటపెట్టడం ఇష్టం లేక అబద్ధమాడాను. కానీ ఎందుకురా?"

"అందరూ నన్ను తిట్టండన్నయ్యా. నువ్వు మాత్రం భుజం మీద చెయ్యి తియ్యకు."

"తియ్యనులే. కానీ రేపటినుంచి టీ నేను పెడతాను. నీ టీకి ఈ మధ్య చేదెక్కువయింది," అన్నాడు పెద్దమాస్టారు. ఏడుపు మధ్యలోనే అత్తగారికి నవ్వొచ్చింది.

"హలో," అంది ఫోను. "తెలిసిందా అండీ?"

కోడలు ఫోను చిన్నమామయ్య చేతిలో పెట్టింది. నెమ్మదిగా, కోపం లేకుండా అంది: "మీరే చెప్పండి. ఎన్ని, ఎప్పుడు, ఎలా. ఒక్కటి కూడా దాచకండి."

అతను కళ్లు తుడుచుకున్నాడు. భుజం మీద అన్న చెయ్యి అలాగే ఉంది.

"డాక్టరమ్మా, నేను ఆయన తమ్ముణ్ని. ఆరు రోజులు, ఆరు మాత్రలు, పొద్దుటి టీలో పొడి చేసి నేనే కలిపాను. ఆయనకు తెలియదు. ఏడోది ఇప్పుడే నేలపాలయింది, గొంతు దిగలేదు. మీరు వద్దన్నది విన్నాను తల్లీ, చెవిటివాణ్ని కాను. కానీ రెండేళ్ల కిందట ఇదే మాత్ర అయిపోయింది. తెచ్చే పని నాది. స్కూలు యూనిఫారాల పనిలో పడి మరిచిపోయాను. అన్నయ్య అడిగితే మందుల దుకాణంలో దొరకలేదని నాలుగు రోజులు అబద్ధం చెప్పాను. ఐదో రోజు గుండె పట్టుకుని నా మిషను మీదే పడిపోయాడు. అది అబద్ధమన్న సంగతి ఇవాళ్టిదాకా ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. మాత్ర ఆపమని మీరన్న రోజునుంచి మిషను ముందు కూర్చుంటే ఆయన పడ్డ చప్పుడే వినపడేది. ఈసారి ఆపితే చచ్చిపోతాడనుకున్నాను. వేస్తే చచ్చిపోతాడని నాకు తెలియదు తల్లీ. మళ్లీ ఏడు రోజులు లెక్కపెట్టండి. ఈసారి ఆ జేబు అమ్మాయే కుడుతుంది, నేను ముట్టుకోను. ఎవరినీ అనకండి. అప్పుడు తేనిదీ నేనే, ఇప్పుడు ఇచ్చిందీ నేనే."