తడిపితే చీము పడుతుందని

పొద్దున చాయ్ గిన్నె దించగానే నాగరాణి గాజ్ గుడ్డ, కత్తెర ముందేసుకుని కూర్చునేది. అత్త సైదమ్మ కాలికి కట్టు మార్చే వేళ అది. పెద్దవూర పక్క చెలకల్లో గొర్రెలు మేపుతుంటే సైదమ్మ మడమ పైన తుమ్మముల్లు దిగింది. ముల్లే కదా అనుకుంటే చీము పట్టింది. మిర్యాలగూడ దవాఖానలో కోసి శుభ్రం చేశాక నాలుగు వేళ్ల పొడుగు పుండు మిగిలింది. చీము ఎముక దాకా పోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందని డాక్టర్ ముందే చెప్పాడు. భర్త భాస్కర్ మిల్లు లారీ తోలుకుంటూ వారానికోసారి ఇల్లు చూస్తాడు. ఇక ఆ కాలికి దిక్కు నాగరాణే.

"పండ్లు బిగవట్టు అత్తా. ఒక్కసారే గుంజేస్త."

"జర మెల్లగ బిడ్డా..."

"మెల్లగ తీస్తే ఇంకింత సేపు నొస్తది గదా!"

ఎండి పుండుకు కరుచుకున్న గాజ్‌ను నాగరాణి సర్రున లాగేది. సైదమ్మ కేకకు దొడ్లో గొర్రెలు బెదిరేవి. మామ మైసయ్య తువ్వాల భుజాన వేసుకుని అప్పుడే బయటికి వెళ్లిపోయేవాడు. ఈయనకు పెళ్లాం మీద ఇంతైనా జాలి లేదేమని నాగరాణికి మండేది. తడిపి తీయమని దవాఖానలో ఎవరో అన్నారు కానీ, పుండుకు నీళ్లు తగిలితే చీము పడుతుందని చిన్నప్పటి నుంచి విన్నదాయె. అత్త కాలు పోతుందన్న భయంతో ఒక్క చుక్క తగలనిచ్చేది కాదు పాపం.

తొమ్మిదో రోజు కట్టు విప్పగానే గుప్పున కర్పూరం వాసన కొట్టింది. గాజ్ నిండా జిడ్డు. పుండు చుట్టూ ఎర్రగా ఉబ్బి, చెయ్యి పెడితే కాలిపోతోంది. నాగరాణి గాజ్ పక్కన పడేసి గడప వైపు తిరిగింది.

"మామా! గిదేంది? ఎవరు పూసిండ్రు?"

గడపలో నిలబడ్డ మైసయ్య తల వంచుకున్నాడు. "గొర్లకు పూసేదే. వేపనూనెల కర్పూరం. దాంతోని ఎన్ని పుండ్లు మానలే?"

"అత్త గొర్రెనా మామా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడ్తది! రేపు కాలు తీసేస్తే ఎవరు జవాబు చెప్తరు? దినాం ఆమె ఏడుస్తుంటే గుండె రాయి చేసుకొని కట్టు కట్టేది నేను. మీరేమో బయటికి పోతరు!"

కాపురానికి వచ్చిన పదేళ్లలో మామ ముందు గొంతు లేపడం అదే మొదలు.

"ఆయన్ని అనకు బిడ్డా," అంది సైదమ్మ. "నేనే పూయమన్న. నువ్వు బాయికాడికి పోయినంక కట్టు జరిపి పూసిండు. జల్ది మానితే నీతోని గుంజిపిచ్చుకునేది తప్పుతదనుకున్న. తాళలేకపోయిన. చెప్తే నువ్వు బాధపడ్తవని చెప్పలే."

నాగరాణి అక్కడే చతికిలపడింది. తిట్టడానికి ఇక ఎవరూ మిగల్లేదు.

ఆటో కట్టించుకుని మిర్యాలగూడ పోయారు. డాక్టర్ పుండు కడిగి, సూది మందు మార్చి, "నాలుగు రోజులు చూద్దాం, ఇప్పుడే ఏం చెప్పలేను" అన్నాడు. నర్సు అరుంధతి నాగరాణిని పక్కన నిలబెట్టుకుంది.

"తడిపితే చీము పడ్తదని ఎవరు చెప్పిండ్రమ్మా? ఎండిపోయింది గుంజితే కొత్తగ వచ్చే చర్మం గూడ ఊడొస్తది. అరగంట ముందు నొప్పి గోలీ ఎయ్యి. సబ్బుతోని చేతులు కడుక్కో. మురికి నీళ్లు గాదు, గీ సెలైన్ పొయ్యి. గాజ్ దానంతట అదే వదిలే దాంక ఆగు. ఆమె ఆపుమంటే ఆపు. గీ అంటుకోని గాజ్ పెట్టినంకనే కట్టు కట్టు. వాసనొచ్చినా, జ్వరమొచ్చినా, ఎర్రదనం పెరిగినా ఆగకుండ పట్టుకరా. నూనెలు, పసుర్లు ఒద్దే ఒద్దు."

మర్నాడు పొద్దున గోలీ వేసి అరగంట ఆగారు. మైసయ్య ఆ రోజు బయటికి పోలేదు. భార్య వెనక కూర్చుని ఆమె వీపును తన ఛాతీకి ఆనించుకున్నాడు. సైదమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, ఆయన చెయ్యి పట్టుకుంది. నాగరాణి సెలైన్ పోసింది. ఆగింది. మళ్లీ పోసింది.

"ఆపు బిడ్డా!"

"ఆపిన అత్తా. ఇంకా ముట్టుకోనే లేదు."

కాసేపటికి గాజ్ అంచు పైకి లేచింది. వేలితో చర్మాన్ని అదిమి పట్టి, నెమ్మదిగా మడిచింది. మొత్తం చేతిలోకి వచ్చేసింది. కొత్త గాజ్ పెట్టి కట్టు చుట్టి, ముడి కూడా వేసింది. సైదమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది. పెదవులు బిగించి, మొగుడి చెయ్యి నలిపేస్తూ, నొప్పి కోసం ఎదురుచూస్తూనే ఉంది.

"అయిపోయిందత్తా," అనబోయింది నాగరాణి. అత్త మోకాలి మీద తల ఆనించి, తొమ్మిది పొద్దుల ఏడుపూ ఏడ్చింది.