ఊగే డాబాలో పందొమ్మిదో రాత్రి

భీమిలి రోడ్డులో, సముద్రం వైపు, ఊగే డాబా అని ఒకటుంది. దాని ముందు నిలబడి ఇప్పటిదాకా ఎవరూ సెల్ఫీ దిగలేదు. మన బీచ్ రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకి ఆ ఒక్క మాట చాలు, దానికెంత చెడ్డపేరుందో అర్థమైపోతుంది.

కట్టించినాయన గృహప్రవేశం చేసి ఒక్క రాత్రి పడుకున్నాడట. తెల్లారేసరికి సామాను లారీ ఎక్కించేశాడు. తర్వాత అద్దెకి దిగిన ముగ్గురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు నాలుగో రాత్రి బనీన్ల మీద రోడ్డెక్కారు. అందరూ చెప్పేది ఒకటే. అర్ధరాత్రి దాటాక గూట్లో గిన్నెలు వాటంతటవే టకటకమంటాయి... తలుపు గొళ్ళెం ఆడుతుంది... నేల లోపల్నుంచి ధుమ్... ధుమ్... అని ఎవరో అడుగులేస్తూ దగ్గరికొస్తున్నట్టు ఉంటుంది.

నేను చూడలేదు. చూసే ఉద్దేశం కూడా లేదు. నా పేరు నాగవంశీ, ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్ల సందులో జిరాక్సు, స్పైరల్ బైండింగు షాపు నాది. ఈ సంగతి నాకు హిమబిందు చెప్పింది. మొన్న సెప్టెంబర్లో ఒక సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి, కాళ్ళనిండా ఇసుకతో వచ్చి, మా షాపు స్టూలు మీద కూలబడి చెప్పింది. ఎదురుగా ఉన్నప్పుడు మేడం అంటాను గానీ, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది, కథలో మాత్రం ఒట్టి హిమబిందే.

వాళ్ళ నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చినాయన. ఈమె భూకంపాలు కొలిచే ఒక ప్రాజెక్టులో పనిచేస్తోంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఆ నెలాఖరుతో గడువు ఆఖరు. సోమవారం పదకొండింటికి పెద్దల ముందు రిపోర్టు చదవాలి. నచ్చితే ఇంకో ఏడాది, లేకపోతే నమస్కారం.

ఈ ఏడాది భూకంపాల గురించి తెలియనివాడు లేడు కదా. మార్చిలో మయన్మార్, జూలై ఆఖర్న రష్యాలో కమ్చట్కా, ఆగస్టు ఆఖర్న అఫ్ఘనిస్తాన్. టీవీ పెడితే ఊగుతున్న సీలింగ్ ఫ్యాన్లే. మా షాపుకొచ్చే పిల్లలు కూడా గ్రూప్స్ నోట్సు జిరాక్సు తీయించుకుంటూ మన వైజాగుకి ఎప్పుడో అని అడిగేవాళ్ళు, ఏదో ట్రైన్ టైము అడిగినట్టు.

హిమబిందు నాకు ఓపిగ్గా చెప్పేది. భూమి లోపల పలకలు ఎప్పుడూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయట. జారడానికి సిద్ధంగా ఉన్నచోట చిన్న తోపు చాలట. డ్యాముల్లో నీటి బరువు, గనుల తవ్వకాలు, భూమిలోకి పంపు చేసే నీళ్ళు, ఇలాంటివి కూడా కొన్నిచోట్ల కారణమవుతాయట. చంద్రుడు, సముద్రపు పోటు కూడా తోస్తాయేమోనని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారట.

ఆ ప్రాజెక్టు వాళ్ళు కొలిచే పెట్టె ఒకటి తెచ్చి ఊగే డాబాలో పెట్టారు. రైళ్ళకీ లారీలకీ పోర్టుకీ దూరంగా ఉండాలి, మనుషుల అలికిడి ఉండకూడదు. ప్రాజెక్టు పెద్దాయన గురునాథరావు గారికి ఆ డాబా తెగ నచ్చేసింది. దెయ్యం కంటే నమ్మకమైన వాచ్‌మన్ దొరకడన్నారాయన. పట్టపగలు వెళ్ళి, హాలు మధ్యలో పెట్టెని బిగించి, చీకటి పడకుండా వచ్చేశారు. అది రాసే గీతలు ఫోన్ సిమ్ములోంచి వాటంతటవే ఆఫీసుకి వచ్చేస్తాయి.

వచ్చాయి కూడా. ఆర్నెల్లలో పందొమ్మిది రాత్రులు... నేల వణికింది. చాలావరకు అమావాస్య చుట్టుపక్కలే, పోటు టైముతో పాటు జరుగుతూ వచ్చింది. హిమబిందుకి నిద్ర పట్టలేదు. పోటు భూమిని కదిలిస్తోంది, దానికి సాక్ష్యం తన చేతిలో ఉంది. రిపోర్టు రాసేసింది. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు కావాలని నన్నడిగింది.

కానీ ఒక్క అనుమానం పీకింది. ఆ వణుకు వచ్చేటప్పుడు అక్కడ ఇంకేమైనా ఉందా అని ఎవరైనా అడిగితే? ఒక్కసారైనా వెళ్ళి చూశావా అంటే? వెళ్ళకుండా చదివితే అబద్ధమాడినట్టే ఉంటుందనిపించింది. వెళ్ళడానికి మిగిలింది ఆదివారం రాత్రి ఒక్కటే. ఆ ఆదివారం మహాలయ అమావాస్య. పెద్దలకి తర్పణాలు వదిలే రోజు. ఎంచుకుని వెళ్ళినట్టు వెళ్ళింది మహాతల్లి.

తగరపువలస ఆటో డ్రైవరు దుర్గారావు తీసుకెళ్ళాడు. రోడ్డు మీదే ఆటో ఆపేశాడు.

“నాను దిగను మేడం. ఇక్కడే ఉంతాను. ఆరన్ కొడితే మాత్రం మిమ్మల్ని పిలత్తన్నానని అనుకోకండి. నాను ఎలిపోతన్నానని.”

ఆమె ఒక్కతే ఇసుకలో నడిచి వెళ్ళింది. తాళం తీసి, పెట్టె పక్కన లాప్‌టాప్ తెరిచి, చాప మీద కూర్చుంది. తెర మీద గీత తిన్నగా పోతోంది. పన్నెండయింది... ఒకటయింది... బయట సముద్రం హోరు తప్ప ఏమీ లేదు.

రెండు గంటల పది నిమిషాలకి గీత చిన్నగా ఎగిరింది.

మళ్ళీ ఎగిరింది.

ముందు తెర మీద చూసింది. తర్వాత కాళ్ళకి తెలిసింది. ధుమ్... కాసేపాగి, ధుమ్... గూట్లో ఎవరో వదిలేసిన స్టీలు గ్లాసు టకటకమంది. తలుపు గొళ్ళెం మెల్లగా ఆడటం మొదలెట్టింది. సముద్రం వైపు నుంచి, హోరు కింద, చాలామంది ఒకేసారి ఊపిరి వదిలినట్టు హూ... హూ... అని.

హిమబిందు లాప్‌టాప్ పక్కకి జరిపింది. భూకంపానికి అరుపులుండవు. అయినా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది — ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదట.

నక్షత్రాల వెలుగులో నల్లటి ఆకారాలు. రెండు వరసలు. డాబా వైపే వస్తున్నాయి... ఒక్కో అడుగూ వేస్తూ... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

కానీ ముఖాల్లేవు. అన్నీ వీపులే. డాబా వైపు వీపులు పెట్టి, మడమలు ముందు వేస్తూ వస్తున్నాయి.

దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని అమ్మమ్మ చెబితే చిన్నప్పుడు నవ్విందట. ఇప్పుడు నవ్వు రాలేదు. కిటికీ ఊచ పట్టుకున్న చెయ్యి ఊడి రాలేదు.

అడుగులు ఆగిపోయాయి. డాబాకి పదిహేను అడుగుల దూరంలో ఇసుకలో ఒక తాటిమొద్దు పడి ఉంది. దాని దగ్గర ఆగిపోయి ఆకారాలన్నీ గుసగుసలాడుకున్నాయి. వాటిలోంచి ఒకటి తిరిగి కిటికీ దాకా వచ్చింది. నోరు తెరిచింది... ఆ నోటి లోపల ఎర్రగా నిప్పు.

కొరివి దెయ్యం. పేరు గుర్తొచ్చింది.

నిప్పు మాట్లాడింది. “ఎవలమ్మా నువ్వు? మడిసివా, మరోటా?”

హిమబిందు నేల మీద కూలబడిపోయింది. “మనిషినేనండి,” అంది కిందనుంచే. “పెట్టె చూసుకోడానికి వచ్చాను.”

ఆకారం నోట్లోంచి చుట్ట తీసింది. మన వైపు బెస్తగూడేల్లో పెద్దాడవాళ్ళు కొందరు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని ఈవిడ అలవాటు.

“నాను గంగాలమ్మని తల్లీ. మేం వల లాగుతన్నాం. ఈ కొంపలో నీలం దీపం కనబడ్డాది. మా మొగోల్లు నలుగురు తాడొగ్గేసి పారిపోనారు. ఎవులూ రామంతే నానొచ్చినాను.”

ఇద్దరూ ఒకరికొకరు దెయ్యాలైపోయారన్నమాట.

మెల్లగా సంగతి తెలిసింది. పక్క గూడెం వాళ్ళ పెద్దవల. నీళ్ళలో చుట్టూ వల వేసి, రెండు కొసల తాళ్ళూ పట్టుకుని, నలభై మంది మడమలు ఇసుకలో పాతి, ఒక్క ఊపిరితో లాగుతూ వెనక్కి నడుస్తారు. మొద్దు దాకా రాగానే అందరూ తాడు వదిలేసి, మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోయి పట్టుకుంటారు. చీకటి రాత్రుల్లో నీళ్ళలో చేప మెరుపు తెలుస్తుంది కాబట్టి అమావాస్య చుట్టూ ఎక్కువ. పోటు చూసుకుని టైము.

“మొద్దు దగ్గరే ఎందుకు ఆగిపోతారు?” అని అడిగింది హిమబిందు.

“దాటితే ఇంకేటన్నా ఉందా? ఇది సెడ్డ కొంప. రేతిరేల అడుగుల సప్పుడు అవుతాదంట.”

“ఆ చప్పుడు మీదేనండి.”

గంగాలమ్మ మొద్దు వైపూ డాబా గోడల వైపూ చూసింది. తర్వాత కోపం వచ్చింది. “నలబై మందిమి లాగితే ఇల్లు ఊగిపోద్దా? అదేటి కట్టడం? సిమెంటు ఎయ్యనేదేటి ఆడు?”

హిమబిందు నవ్వింది, వెంటనే ఏడ్చింది. ఆర్నెల్ల రిపోర్టు, చంద్రుడు, పోటు, బంగారు అక్షరాలు అన్నీ ఇసుకలో కలిసిపోయాయి. వల లాగేవాళ్ళని భూకంపం అనుకున్న పిల్లకి ఎవరు ఉద్యోగం పొడిగిస్తారు? ఇదే మాట గంగాలమ్మతో అంది. ఆవిడకి అంతా అర్థం కాలేదు గానీ ఏడుపు అర్థమైంది. గడప దాటి లోపలికొచ్చి పక్కన కూర్చుని, “ఎప్పుడెప్పుడు ఊగిందో సెప్పు. మాదో కాదో నాను సెప్తాను. తారీకులొద్దు, తిథి సెప్పు,” అంది.

హిమబిందు ఫోన్లో పంచాంగం చూస్తూ ఒక్కో రాత్రీ చెప్పింది. గంగాలమ్మకి ఏ రాత్రి ఏ చేప పడిందో గుర్తే. అది కవళ్ళు పడ్డ రాత్రి. అది వల చిరిగిన రాత్రి. అది వాళ్ళాయన దాలయ్య తాడు కింద పడి పన్ను ఊడగొట్టుకున్న రాత్రి. అలా పద్దెనిమిది.

“జూలై ముప్పై. శ్రావణ శుద్ధ షష్ఠి.”

గంగాలమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

“ఆ రేతిరి వల ఎయ్యనేదు తల్లీ. ఎక్కడో రష్యాలో బూమి ఊగిందని, సముద్రం ఒచ్చేత్తందని పోన్లలో ఒకటే గోల. మనకేటీ అవదని ఆపీసరోల్లు సెప్పినా ఇన్నోడు నేడు. గూడెం మొత్తం తగరపువలస కల్యాణ మండపంలో పడుకున్నాం. ఒడ్డున పురుగు కూడా నేదు.”

“బాగా గుర్తు తెచ్చుకోండి.”

“మరిసిపోడానికి అదేటన్నా మామూలు రేతిరా? ఎవులో లాగుంతారు,” అని లేచి చీర దులుపుకుని, వల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇదీ కథ. దుర్గారావు ఆటో రోడ్డు మీదే ఉంది గానీ, లోపల దుర్గారావు సీటు కింద ఉన్నాడట.

దారంతా ఆటోలోనే రిపోర్టు మార్చి రాసుకుని, తిన్నగా మా షాపుకొచ్చింది. పందొమ్మిది రాత్రుల గీతలూ నేనే ప్రింటు తీశాను. నాకు శాస్త్రం తెలియదు, కాగితాలు వరసగా పేర్చడం తెలుసు. పద్దెనిమిదీ ఒకేలా ఉన్నాయి. గీత మెల్లగా పెరుగుతుంది, టక్కున పడిపోతుంది, మళ్ళీ చిన్నగా మొదలవుతుంది, రంపం పళ్ళలా. మొద్దు దాకా రావడం, తాడు వదలడం, మళ్ళీ నీళ్ళ దగ్గర పట్టుకోవడం.

పందొమ్మిదోది చేతిలోకి తీసుకుని ఆగిపోయాను.

“మేడం, ఇది పడిపోలేదేంటి?”

అదే అడుగు, అదే లయ. చిన్నగా మొదలై పెరిగింది... పెరిగింది... మొద్దు దగ్గర పడిపోవలసింది పడలేదు. ఇంకా పెరిగింది. కాగితం మధ్యలో గీత పైఅంచు దాకా పోయింది. అక్కణ్ణుంచి మెల్లగా, అడుగు తర్వాత అడుగు, తగ్గుతూ తగ్గుతూ మాయమైంది.

“రష్యాది తగిలిందేమో,” అన్నాను ధైర్యానికి.

“అది ఆ రోజు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది. దాని గీత వేరు, పొడుగ్గా, నిదానంగా ఉంటుంది. ఇవి అడుగులు,” అంది. “దగ్గరికొస్తే పెరుగుతుంది. దూరమైతే తగ్గుతుంది. ఇవి పెట్టె పక్కనుంచి అవతలికి వెళ్ళాయి వంశీ గారూ.”

“పెట్టె హాలు మధ్యలో కదా ఉంది.”

“అవును.”

“అవతల?”

“రోడ్డు. తగరపువలస వెళ్ళేది. ఆ రాత్రి గూడెం మొత్తం పడుకున్నది అక్కడే.”

ఫ్యాను తిరుగుతోంది. ఎగరకుండా ఆ పందొమ్మిదోదాన్ని బల్ల మీద అదిమిపెట్టాను. ఆ కాగితం తీసేద్దాం మేడం అన్నాను. పద్దెనిమిది రాత్రులకి కారణం దొరికిందని చెబితే తెలివైనపిల్ల అంటారు. ఇది కూడా చూపిస్తే ఉద్యోగం గోవిందా. హిమబిందు చాలాసేపు కాగితం చూసింది.

“ఉంచండి. ఊగిన మాట నిజం కదా,” అంది.

కింద చేత్తో రాసింది: కారణం తెలియలేదు. నేను రంధ్రాలు వేసి బైండు చేశాను. డబ్బులు తీసుకోలేదు, అంత భయంలో అడగడం మర్చిపోయాను.

సాయంత్రం స్వీటు పాకెట్టుతో వచ్చింది. గురునాథరావు గారు వల సంగతి విని పడీపడీ నవ్వారట. ఆఖరి కాగితం దగ్గర మాత్రం నవ్వు ఆపేశారట. కారణం తెలియలేదని రాసే ధైర్యం ఉన్న మనిషే మాకు కావాలి అన్నారట. ఏడాది పొడిగించారు.

“పని ఏంటి మేడం?” అన్నాను స్వీటు నోట్లో పెట్టుకుంటూ.

“వల వెయ్యని చీకటి రాత్రుల్లో... ఆ హాల్లో, పెట్టె పక్కన కూర్చోవాలి. ఏం జరుగుతుందో కళ్ళారా చూసి రాయాలి.”

మిగతా స్వీటు మళ్ళీ పాకెట్టులో పెట్టేశాను. తోడు రమ్మని అడుగుతుందేమోనని గబగబా జిరాక్సు మిషను వైపు తిరిగిపోయాను. సిగ్గుగానే ఉంది, కానీ నిజం అదే.

ఆమె నన్ను అడగలేదు. గంగాలమ్మకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టింది. ఉద్యోగం నిలబడిందని చెబితే ఆవిడ చాలా సంతోషించింది. పని ఏమిటో చెప్పాక చుట్టూ ఉన్నవాళ్ళని పక్కకి పొమ్మంది.

“బయపడకు తల్లీ,” అంది చివరికి, గొంతు తగ్గించి. “పెట్టి పక్కన మాత్రం కూకోకు. గోడవార కూకో. దారికి అడ్డుండకు.”

“ఎవరి దారికి?” అంది హిమబిందు.

గంగాలమ్మ ఫోన్ పెట్టేసింది. వల లాగే వేళయినట్టుంది.